నేసిన చేతికి పేరుంది



అనాస మొక్కలో మనకు కావలసింది పండు ఒక్కటే. ముళ్ళ అంచులున్న ఆ ఆకుల జోలికి ఎవరూ పోరు. ఫిలిప్పీన్స్ దేశంలో పనాయ్ ద్వీపం మీద అక్లాన్ అనే ప్రాంతం ఉంది, దాని ముఖ్య పట్టణం కాలిబో. అక్కడ మాత్రం రెడ్ స్పానిష్ అనే రకం అనాసను ఆకు కోసం పెంచుతారు. పొడవుగా ఎదిగిన ఆకును కోసుకొచ్చి, అంచుల ముళ్ళు తీసేసి, చెక్క మీద పరుస్తారు. పగిలిన పింగాణీ పళ్ళెం ముక్క ఒకటి తీసుకుని దాని అంచుతో ఆకును బలంగా గీకుతారు. పచ్చటి పైపొర ఊడి, ముందు ముతక నార వస్తుంది. అప్పుడు పింగాణీ ముక్క పక్కన పెట్టి కొబ్బరి చిప్ప అందుకుంటారు. దాని అంచుతో మెల్లగా, చెయ్యి తేలిక చేసి గీకితే, ముతక నార కింద దాగి ఉన్న సన్న నార బయటపడుతుంది. అసలు కోరుకునేది దాన్నే.

ఆ నారను కడుగుతారు, ఆరబెడతారు, చిక్కు తీస్తారు. ఆకు పొడవెంతో నార పొడవూ అంతే కదా, బట్ట నేయడానికి ఆ పొడవు ఏ మూలకీ చాలదు. అందుకని ఒక పోగు చివరను ఇంకో పోగు చివరతో ముడి వేస్తూ పోతారు. అంతా వేళ్ళతోనే. ముడి కంటికి కనపడకూడదు, మగ్గం మీద తెగకూడదు. రోజుల తరబడి అలా ముడులు వేస్తే కుండలోకో బుట్టలోకో కాస్త నూలు చేరుతుంది. ఆ నూలును పడుగుగా పేర్చి నేసిన బట్ట దాదాపు పారదర్శకంగా, లేత మీగడ రంగులో ఉంటుంది. దాన్ని పిన్యా అంటారు. ఫిలిప్పినో పురుషులు పెళ్ళిళ్ళకూ, రాజకీయ నాయకులు పెద్ద సభలకూ తొడుక్కునే బారోంగ్ చొక్కాల్లో అన్నిటికన్నా విలువైనది దీనితో కుట్టిందే. అక్లాన్ పిన్యా నేతను యునెస్కో 2023లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. అనాస ఫిలిప్పీన్స్ మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి స్పెయిన్ వాళ్ళు తెచ్చారు. పింగాణీ చైనా వర్తకుల ఓడల్లో దిగిన సరుకు. కొబ్బరి చిప్ప ఒక్కటే అక్కడిది. పరాయి మొక్క, పరాయి పళ్ళెం, సొంత చిప్ప, ఈ మూడింటినీ కలిపి ప్రపంచంలో ఇంకెక్కడా లేని బట్ట తయారు చేశారు అక్లాన్ స్త్రీలు. సంప్రదాయ కళలంటే ఎప్పుడో మొదట్లోనే పుట్టి, అప్పటినుంచి చెక్కుచెదరకుండా వస్తున్నవని చాలామంది అనుకుంటారు. ఆ సంప్రదాయాలు పుట్టిన రోజున అవీ కొత్తవే. దొరికిన వస్తువును చేతి తెలివితో మలుచుకున్నవే. ఇప్పటి ఫిలిప్పినో చిత్రకారులు, శిల్పులు ఈ నారల్నీ, వెదురునీ, గవ్వల్నీ చేతపట్టుకున్నప్పుడు జరుగుతున్నదీ అదే పని అని నా అభిప్రాయం. అయితే ఒక ప్రశ్న కూడా వెంట వస్తుంది. గీకిన వాళ్ళొకరు, ముడి వేసిన వాళ్ళొకరు, నేసిన వాళ్ళొకరు, లగూనాలోని లుంబాన్ ఊళ్ళో దాని మీద పువ్వులు కుట్టిన వాళ్ళు ఇంకొకరు. ఆ బట్ట ఒక ప్రదర్శనశాల గోడ ఎక్కినప్పుడు పక్కన అంటించే చీటీ మీద ఎవరి పేరు రాయాలి? ఇవాళ్టి ప్రసంగంలో నేను తిరిగి తిరిగి అక్కడికే వస్తాను.

అనాస తర్వాత అబకా గురించి చెప్పుకోవాలి. ఇది అరటికి సోదరి. చూడటానికి అరటి చెట్టే, పండు మాత్రం తినడానికి పనికిరాదు. బోదె పట్టల నుంచి తీసే నార ఎంత గట్టిదంటే, ఒకప్పుడు ప్రపంచంలోని ఓడల మోకులన్నిటికీ దీన్నే కోరుకునేవారు. మనీలా హెంప్ అనే పేరు ఆ రోజుల్లో వచ్చిందే. ఫిలిప్పీన్స్ కాగితపు కరెన్సీ నోట్లలో పత్తితో పాటు అబకా నార కూడా కలుపుతూ వచ్చారు.

దక్షిణాన మిందనావో ద్వీపంలో, సౌత్ కోటబాటోలోని లేక్ సెబూ అనే సరస్సు చుట్టూ టిబోలి అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ళు అబకాతో నేసే బట్ట పేరు తినాలాక్. నారను వెంట్రుకల్లా సన్నగా చీల్చి, ఒక్కో పోగూ ముడివేసి, పడుగును చట్రం మీద సాగదీసి కడతారు. రంగు ఎక్కకూడదనుకున్న చోట్ల చిన్న చిన్న ముడులు బిగించి కడతారు. పోచంపల్లిలో చిటికి కట్టడం చూసిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కట్టు బిగించడం, రంగులో ముంచడం, కట్టు విప్పడం, మళ్ళీ కట్టడం. తేడా ఏమిటంటే, మన దగ్గర పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టే నైపుణ్యం ఉంది. టిబోలి స్త్రీలు పడుగుకే కడతారు, పేక ఒకే రంగు. నలుపు కోసం క్నాలుమ్ అనే చెట్టు ఆకులు, ఎరుపు కోసం లోకో అనే మొక్క వేళ్ళు. కట్టు వేసిన చోట నార సొంత రంగు మిగులుతుంది. మగ్గం ఒక కొస గోడకో దూలానికో ఉంటుంది, రెండో కొస నేసే మనిషి నడుముకు. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నేత పూర్తయ్యాక బట్ట మీద గవ్వతో గట్టిగా రుద్ది నిగనిగలాడేలా మెరుగు పెడతారు.

ఈ నమూనాలు కలలో వస్తాయని టిబోలి నేతగత్తెలు చెప్తారు. అబకాకు అధిదేవత ఫూ దాలు. ఆ దేవత కలలో చూపిన నమూనాను ఏ కాగితం మీదా గీసుకోకుండా, మనసులో ఉంచుకునే కట్లు వేస్తారు. మగ్గం మీది బట్టను దాటకూడదు. కోస్తే కీడు జరుగుతుందని భయం. అమ్మవలసి వస్తే ఆత్మను శాంతింపజేయడానికి ఇత్తడి ఉంగరం ఒకటి దానికి కడతారు. ఈ నమ్మకాలను వింత ఆచారాలుగా చెప్పుకుని దాటిపోవడం నాకిష్టం లేదు. కోయకూడదు అన్న నియమంలో ఒక చట్టం ఉంది. ఈ బట్ట ఒక్కటిగా పుట్టింది, ఒక్కటిగా ఉండాలి, ఇది ఇంకో వస్తువుకు ముడిసరుకు కాదు అని ఆ నియమం చెప్తోంది. సంచులకూ చెప్పులకూ దీన్ని ముక్కలు చేసే దుకాణదారుడికీ, తన చిత్రంలో ఒక మూల అతికించుకునే కళాకారుడికీ కూడా ఆ మాట వర్తిస్తుంది.

తినాలాక్ అనగానే గుర్తుకొచ్చే మనిషి లాంగ్ దులాయ్. 1928లో పుట్టింది, 2015లో చనిపోయింది. పన్నెండేళ్ళ వయసులో తల్లి దగ్గర నేత నేర్చుకుంది. మబ్బులు, సీతాకోకచిలుకలు, మొసళ్ళు, పువ్వులు, ఇలా దాదాపు వంద నమూనాలు ఆమెకు కంఠస్థం. బజారు కోరే తేలిక నమూనాల వైపు ఆమె పోలేదు, పాత పద్ధతిలోనే నేసింది. ఫిలిప్పీన్స్ 1992లో ఒక చట్టం చేసి, సంప్రదాయ కళల్లో ఆరితేరిన వారికి గవాద్ స మన్‌లిలిఖా నంగ్ బాయన్ అనే జాతీయ గౌరవం ఏర్పాటు చేసింది. అది పతకం ఇచ్చి పంపించేసే సన్మానం కాదు. జీవితాంతం నెలనెలా భృతి వస్తుంది, దానికి బదులుగా తమ విద్యను తర్వాతి తరానికి నేర్పాలి. లాంగ్ దులాయ్‌కు 1998లో ఇచ్చారు. 2004లో తావి-తావి దీవుల్లో మొగలి ఆకులతో చాపలు అల్లిన హాజా అమీనా ఆప్పికి ఇచ్చారు. 2012లో ఉత్తరాన ఇలోకోస్ నేతకు పేరుపడ్డ మగ్దలేనా గమాయోకు, సొరకాయ బుర్రతో టోపీలు చేసే తెయోఫిలో గార్సియాకు ఇచ్చారు. చాప అల్లిన చేతికీ, టోపీ చేసిన చేతికీ దేశం పేరు పెట్టి నమస్కరించిన చట్టం ఇది. చాలా దేశాలకు లేదు.

పేరు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో బట్ట ఉంది. రోంబ్లోన్ ప్రాంతంలోని బాంతోన్ దీవిలో, ఒక గుహలో, కొయ్య శవపేటికల దగ్గర ఒక బట్ట దొరికింది. పడుగుకు కట్లు కట్టి రంగు వేసి నేసిన బట్ట. ఆగ్నేయాసియా మొత్తంలో ఇప్పటికి మిగిలిన అలాంటి బట్టల్లో ఇదే పాతదని చెప్తారు, పదమూడు పద్నాలుగు శతాబ్దాల నాటిది. మనీలా జాతీయ మ్యూజియంలో ఉంది. స్పెయిన్ వాళ్ళు రావడానికి ఎంతో ముందే ఆ దీవుల్లో ఈ విద్య ఇంత పండిందన్నమాట. ఆ నేతగత్తె పేరు తెలిసే దారి లేదు. ఈనాటి నేతగత్తె పేరు తెలియకపోతే మాత్రం అది కాలం చేసిన పని అనలేం, మన అశ్రద్ధ.

ఇక ఇప్పటి కళాకారుల దగ్గరికి వద్దాం. జున్యీ అని పిలుచుకునే లూయిస్ యీ 1970లో, ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆరుబయట వెదురుతో ఒక పందిరి కట్టి అదే కళాకృతి అన్నాడు. కాన్వాసు లేదు, చట్రం లేదు, దిమ్మె లేదు. 1981లో మనీలాలోని కల్చరల్ సెంటర్‌లో ఎండిన తెల్లబూరుగు కాయల్ని గోడల మీదా నేల మీదా పరిచాడు, పెద్ద పురుగుల దండు గది నిండా పాకుతున్నట్టు. ఆ భవనం ఎలాంటిదో తెలిస్తే ఆ పని ఎంత సాహసమో తెలుస్తుంది. 1969లో, మార్కోస్ పాలనలో, అధ్యక్షుడి భార్య ఇమెల్డా పూనికతో సముద్రపు ఒడ్డున లేచిన బ్రహ్మాండమైన కాంక్రీటు కట్టడం అది. దేశం ఎంత ఆధునికమైందో లోకానికి చూపించాలని కట్టింది. అందులోకి పొలం గట్ల మీద రాలి పడే కాయలు వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత, 2007లో, అదే భవనం ముందున్న పచ్చికలో జున్యీ నరికిన మొద్దుల చివరి ముక్కల్ని వేలకొద్దీ పేర్చాడు. చెట్టు కోసే వాళ్ళు పనికిరావని వదిలేసి పోయే ముక్కలవి. ఒకప్పుడు అడవి ఇది అని ఆ ప్రదర్శన పేరులోనే ఉంది. ఫిలిప్పీన్స్ అడవులు ఏమైపోయాయో అంతకన్నా సూటిగా చెప్పిన ప్రదర్శన నేనెరగను.

జున్యీ మొదలుపెట్టిన రోజుల్లో విదేశీ రంగులు, కాన్వాసు ఖరీదైనవి. ఎనభైల్లో దేశపు ఆర్థిక స్థితి కుప్పకూలాక అవి ఇంకా అందకుండా పోయాయి. కాబట్టి చాలామంది కళాకారులు చేతికందిన వెదురునూ నారనూ పట్టుకున్నారు అనే వివరణ ఒకటి ఉంది. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. మిగతా సగం బాగియోలో కనిపిస్తుంది. ఉత్తరాన కొర్డిలేరా కొండల్లో, అమెరికన్ పాలకులు వేసవి విడిదిగా కట్టుకున్న ఊరు బాగియో. చుట్టూ ఇగోరోత్ అని పిలిచే కొండజాతుల గ్రామాలు. 1987లో అక్కడి కళాకారులు బాగియో ఆర్ట్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు శాంతియాగో బోసే. మనీలా వైపు, మనీలా గుండా న్యూయార్క్ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు, మన కొండల్లోనే విద్య ఉంది అన్నది వాళ్ళ పట్టుదల.

వాళ్ళలో రాబర్టో విల్యనువేవా గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. 1989లో ఆయన కల్చరల్ సెంటర్ ఆవరణలోనే ఒక పెద్ద చుట్టుదారి కట్టాడు. దాని గోడలన్నీ రూనో అనే కొండ రెల్లుతో కట్టినవే. కొర్డిలేరా గ్రామాల్లో ఇళ్ళకూ కంచెలకూ వాడే గడ్డి అది. మనిషి రెల్లు గోడల మధ్య నడుస్తూ, వంపు తర్వాత వంపు తిరుగుతూ పోతే, మధ్యలో రాళ్ళు పరిచిన గుండ్రటి చోటు వస్తుంది. కొండ ఊళ్ళలో పెద్దలు కూర్చుని తగవులు తీర్చే, కర్మకాండలు జరిపే దాప్-అయ్ అనే చోటు అలాగే ఉంటుంది. ప్రదర్శన తర్వాత ఆ రెల్లు ఎండింది, పోయింది. పోవాలనే కట్టాడు. నూనెరంగుల చిత్రం వందల ఏళ్ళు నిలవాలని యూరప్ కళ కోరుకుంటుంది. రెల్లు ఇల్లు కట్టేవాడికి ఆ ఆశ ఉండదు, ఎందుకంటే మళ్ళీ కట్టడం అతనికి తెలుసు. నిలవవలసింది వస్తువా, చేసే విద్యా అన్న ప్రశ్నను విల్యనువేవా మనీలా నడిబొడ్డున నిలబెట్టాడు. ఆయన 1995లో, యాభై నిండకముందే చనిపోయాడు.

ఇప్పటి కళాకారుల్లో ఇంతవరకు చెప్పిన వాళ్ళంతా మగవాళ్ళు. నేత, అల్లిక, కుట్టు మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ విద్యలు. ఈ తేడాను సూటిగా ఎదుర్కొన్న వాళ్ళు కసిబులాన్ అనే మహిళా కళాకారుల సంఘం వాళ్ళు. 1987లో మొదలైంది. స్థాపించిన వాళ్ళలో ఇమెల్డా కహీపే-ఎందాయా, బ్రెండా ఫహార్దో, జూలీ యుచ్ ఉన్నారు. కహీపే-ఎందాయా తన చిత్రాల్లో సవాలీని వాడింది. సవాలీ అంటే ఇంకేమీ కాదు, వెదురు బద్దల తడిక. పల్లెటూరి ఇంటి గోడ. దాని మీద రంగు వేసింది, గుడ్డ అతికింది, లేసు అల్లికలు కుట్టింది. 1995లో ఆమె చేసిన 'ఫిలిపీనా: డీహెచ్' అనే పని విదేశాల్లో ఇంటిపనికి వెళ్ళే ఫిలిప్పినో స్త్రీల గురించి. డీహెచ్ అంటే ఇంటి పనిమనిషికి అక్కడ వాడుకలో ఉన్న పొట్టి పేరు. గల్ఫ్‌కు వెళ్ళిన తల్లుల కోసం ఎదురుచూసే పిల్లలు కడపలోనూ, గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు కాబట్టి, ఆ పని ఎవరి గురించో మనకు ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆమె చిత్రాల్లో కిటికీ తరచూ వస్తుంది. ఫిలిప్పీన్స్ పాత ఇళ్ళ కిటికీలకు గాజు ఉండదు, కాపిజ్ ఉంటుంది. అదొక ఆల్చిప్ప, పల్చగా, బల్లపరుపుగా, వెలుతురును పాలలా వడగట్టి లోపలికి వదులుతుంది. చిప్పల్ని చదరాలుగా కోసి కొయ్య చట్రాల్లో బిగిస్తారు. గోవాలో పోర్చుగీసు కాలపు ఇళ్ళకూ ఇవే కిటికీలు. ఇదే జీవి మన కాకినాడ అఖాతంలోనూ ఉంది. మన దగ్గర దాన్ని ఏరి కాల్చి సున్నం చేశారు. ఒకే చిప్ప ఒక తీరంలో కిటికీ అయింది, ఇంకో తీరంలో బట్టీ పాలైంది. దాని వెనక వాతావరణం, వలస పాలన, వడ్రంగుల అలవాటు, ఇలా ఎన్నో కారణాలు ఉండి ఉంటాయి. కాకినాడలో పుట్టిన శిల్పులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే ఒక్కసారి ఆ చిప్పను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడమని నా మనవి.

కుట్టుపనిని చిత్రకళ స్థాయికి తీసుకెళ్ళింది అని పాసిటా అబాద్ గురించి రాస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. కుట్టుపని ఎప్పుడూ ఆ స్థాయిలోనే ఉంది, చూసే కళ్ళను ఆమె అక్కడికి తీసుకెళ్ళింది. 1946లో దేశపు ఉత్తరపు అంచున, తుపాన్ల దీవులైన బతానెస్‌లోని బాస్కో ఊళ్ళో పుట్టింది. మార్కోస్ వ్యతిరేక ఉద్యమాల్లో తిరిగి, 1970లో దేశం వదిలి శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. తర్వాత జీవితమంతా ప్రయాణాలే. చిత్రించిన కాన్వాసు వెనక ఇంకో గుడ్డ వేసి, మధ్యలో దూది కూరి, దారంతో కుట్లు వేసి బొంతలా ఉబ్బేలా చేయడం ఆమె పద్ధతి. పైన గవ్వలు, బొత్తాలు, పూసలు, అద్దం బిళ్ళలు కుట్టేది. లంబాడీ స్త్రీల అద్దాల కుట్టును చూస్తూ పెరిగిన మన కళ్ళకు ఆమె గుడ్డలు పరాయిగా ఉండవు. ఊరూరా నేతగత్తెల, కుట్టు పనివాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. చట్రం లేని ఆ చిత్రాలను మడిచి పెట్టెలో పెట్టుకుని ఇంకో దేశం వెళ్ళిపోవచ్చు. 1984లో ఫిలిప్పీన్స్‌లో పదిమంది ఉత్తమ యువకులకు ఇచ్చే బహుమతి ఆమెకు ఇచ్చారు. అంతకుముందు ఏ స్త్రీకీ ఇవ్వలేదు. 2004లో చనిపోయింది. ఆమె పనినంతా ఒకచోట చేర్చిన పెద్ద ప్రదర్శన అమెరికాలో మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్‌లో 2023లో గానీ జరగలేదు. దాదాపు ఇరవై ఏళ్ళ ఆలస్యం. గుడ్డ మీద సూదీదారంతో చేసినది కాబట్టే అంత ఆలస్యమైందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మళ్ళీ చీటీ మీది పేరు దగ్గరికి వస్తాను. తినాలాక్ నమూనాను యంత్రం మీద అచ్చువేసిన బట్ట ఇవాళ బజార్లో చవగ్గా దొరుకుతుంది. టిబోలి స్త్రీ నెలల తరబడి కట్లు కట్టి నేసినదాన్ని యంత్రం క్షణాల్లో దింపేస్తుంది. 1997లో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం, వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ సాంస్కృతిక సంపదను వాడుకోవడం తప్పని చెప్తుంది. చట్టం ఉండటం వేరు, బజారు దాన్ని ఖాతరు చేయడం వేరు. కళాకారులు కూడా ఈ లెక్కలోకి వస్తారు. మ్యూజియం చీటీ మీద అబకా నార, సహజ రంగులు అని రాసి ఊరుకుంటే, నార దానంతట అదే చీలి, ముడిపడి, రంగులో మునిగి వచ్చినట్టే లెక్క. ఇది ఒక తరహా అబద్ధం.

దీన్ని దిద్దుతున్న వాళ్ళున్నారు. 1989లో పుట్టిన సియాన్ దాయ్‌రిత్ గుడ్డ మీద పటాలు కుట్టిస్తాడు. భూమి ఎవరి చేతుల్లో ఉంది, గనులు ఎక్కడున్నాయి, తోటల కోసం ఎవరిని ఖాళీ చేయించారు, ఇవన్నీ దారాలతో గీసిన పటాలు. రైతులతో, ఆదివాసులతో కూర్చుని వాళ్ళు గీసిన గీతల నుంచి వాటిని తయారు చేస్తాడు. ఎంబ్రాయిడరీ చేసిన హెన్రీ కాసెరెస్ పేరు కూడా తన పేరు పక్కన ఇస్తాడు. చిన్న విషయంలా కనిపించవచ్చు, నాకు మాత్రం ఆ పటాల్లో చెప్పిన రాజకీయానికి అది మొదటి రుజువు.

ఇక మాడ్రిడ్ సంగతి. స్పెయిన్ రాజధానిలో రెతీరో అనే తోటలో గాజుతో, ఇనుముతో కట్టిన అందమైన భవనం ఉంది, స్ఫటిక సౌధం అని పిలుస్తారు. పర్యాటకులు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. 1887లో తమ వలస అయిన ఫిలిప్పీన్స్ దీవుల సంపదను ప్రదర్శించడానికి దాన్ని కట్టారు. మొక్కలు, నారలు, బట్టలు, ఆయుధాలు తెచ్చి పెట్టారు. వాటితో పాటు మనుషుల్ని కూడా తెచ్చి ఆ తోటలో ప్రదర్శనకు ఉంచారు. వాళ్ళలో కొండజాతుల వాళ్ళున్నారు, ముస్లిం దీవుల వాళ్ళున్నారు. కొందరు అక్కడే చనిపోయారు. అప్పుడు యూరప్‌లో ఉన్న ఫిలిప్పినో నవలా రచయిత హోసే రిజాల్ ఈ అవమానానికి మండిపడి మిత్రులకు ఉత్తరాలు రాశాడు.

2021 అక్టోబరులో అదే గాజు భవనంలో కిద్లాత్ తహిమిక్ ప్రదర్శన మొదలైంది. ఆయన బాగియో వాడు, సినిమా దర్శకుడు. 1942లో పుట్టాడు, అమెరికాలో బిజినెస్ చదివి, పారిస్‌లో ఉద్యోగం చేసి, అదంతా వదిలేసి సినిమాల్లోకి వచ్చాడు. 1977లో తీసిన 'పర్‌ఫ్యూమ్డ్ నైట్‌మేర్' ఆయనకు పేరు తెచ్చింది. 2018లో దేశం ఆయన్ని జాతీయ కళాకారుడిగా ప్రకటించింది. ఇఫుగావ్ కొండల్లోని హపావ్ అనే ఊళ్ళో లోపెస్ నావ్యాక్ అనే పెద్దాయనతో ఆయనకు దశాబ్దాల స్నేహం, శిష్యరికం. మెట్టు మెట్టుగా చెక్కిన వరిమళ్ళకు ప్రసిద్ధమైన కొండలవి. ధాన్యం కాపాడే బులుల్ అనే కొయ్య దేవతల్ని తరతరాలుగా చెక్కిన చేతులు అక్కడున్నాయి. మాడ్రిడ్‌లో గాజు కప్పు కింద నిలబెట్టిన కొయ్యబొమ్మల వెనక ఆ కొండల చెక్కడపు విద్యే ఉంది. ఇగోరోత్ గాలిదేవత ఇన్హాబియాన్ ఒక వైపు, గాలికి గౌను ఎగురుతున్న మార్లిన్ మన్రో ఇంకో వైపు. నావికుడు మెజెల్లన్ ఉన్నాడు, మిక్కీ మౌస్ ఉన్నాడు, రిజాల్ నవలలోని దుష్ట పాదిరి దామసో ఉన్నాడు. 1521లో మెజెల్లన్ ఆ దీవుల్లో దిగి, మక్తాన్‌లో స్థానిక నాయకుడు లాపు-లాపు మనుషుల చేతిలో చచ్చిన ఏటికి సరిగ్గా అయిదు వందల ఏళ్ళు నిండిన సంవత్సరమది. అప్పటికి నూట ముప్పై నాలుగేళ్ళ కిందట ఆ కొండల మనుషుల్ని చూడటానికి స్పెయిన్ జనం వచ్చారు. ఈసారి ఆ కొండల వాళ్ళు తాము చెక్కిన కొయ్యతో తామే కథ చెప్పారు. ఆ భవనపు చరిత్ర తెలిసి చూస్తే రక్తం వేడెక్కుతుంది.

ఆ ప్రదర్శన 2022 మార్చిలో ముగిసింది. మరుసటి నెలలోనే వెనిస్ బియెనాలె మొదలైంది. అందులో ఫిలిప్పీన్స్ తరఫున పెట్టిన ప్రదర్శన పేరుకు అర్థం, మేమంతా ఇక్కడున్నాం, ఇది మా కూడిక అని. కళాకారులుగా మూడు పేర్లు ప్రకటించారు. చిత్రకారుడు జెరార్దో తాన్, జానపద సంగీత పరిశోధకురాలు ఫెలిసిదాద్ ప్రుదెంతే, ఇఫుగావ్ నేత కళాకారులు శామీ బుహ్లే. శబ్దాన్ని నేతలోకి తర్జుమా చేయడం వాళ్ళ పని. నేసేటప్పుడు పుట్టే చప్పుళ్ళను సంగీతపు గుర్తుల్లో రాసుకుని, ఆ గుర్తులను నమూనాగా మార్చి, దాన్ని మగ్గం మీదికి ఎక్కించారు. వినే దాన్ని కంటితో చూసేలా, చేత్తో తాకేలా చేశారు.

ఆ బట్టలో బుహ్లే పాత్రను 'సహాయం' అనడం కుదరదు. కాగితం మీద ఉన్న ఒక గుర్తుకు ఎన్ని పోగులు పైకి లేవాలి, ఎన్ని కిందికి దిగాలి, గుర్తుకూ గుర్తుకూ మధ్య విరామం ఎన్ని పేకల దూరం, ఏ రంగు పడుగులో ఉంచాలి, ఏది పేకలో వదలాలి, ఇవన్నీ తేల్చాలి. సంగీత పరిశోధకురాలికి ఆ లెక్క తెలియదు, చిత్రకారుడికీ తెలియదు. మగ్గానికి నడుము కట్టి కూర్చున్న మనిషి ఒక్కరికే తెలుసు. ఆ నిర్ణయాలు ఇంకోలా జరిగి ఉంటే బట్ట ఇంకోలా ఉండేది. అందుకే వెనిస్‌లో మూడు పేర్లూ ఒకే వరుసలో ఉండటం న్యాయం.